జాక్‌పాట్ పడిన తేదీలు

మా గణాంక శాఖలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. ఏ ఊరికి ఏ దారిన పోవాలి, ఏ రైతు కొలత టేపు చూడగానే గరమవుతాడు, ఇలాంటివి అడిగి చాయ్ తాగి పోతారు. మొన్న ఒకమ్మాయి, "మేడం, మీ సర్వీసుల అన్నిటికంటె కష్టమైన లెక్క ఏంది?" అని అడిగింది. జనాభా లెక్కలనో, కరువు ఏడాది పంట నష్టమనో అంటాననుకుంది పాపం. గోవాలో జూదం మిషను మీద పడే జాక్‌పాట్ లెక్క అన్నాను. పిల్ల గ్లాసు కింద పెట్టేసి నా ముఖం చూసింది. రిటైరయ్యాక మేడంకు మతి చెడిందనుకుని ఉంటుంది. అందుకే ఆ సంగతి మొత్తం రాస్తున్నాను.

జహీరాబాద్‌లో నేను డివిజన్ గణాంక అధికారిగా ఉన్నప్పుడు నా కింద మండలానికొక అసిస్టెంటు ఉండేవాడు. మా ఆఫీసులో మనుషుల్ని పేర్లతో పిలిచేవాళ్లం కాదు, మండలాలతో పిలిచేవాళ్లం. కోహీర్ వచ్చాడా, రాయికోడ్ ఇవాళ సెలవా, ఝరాసంగం అన్నం తిన్నాడా, ఇలాగే. ఇక్కడా అలాగే పిలుస్తాను. కోహీర్‌ది నోరు పెద్దది, మనసు మంచిది. రాయికోడ్ చదువుకున్న చిన్న వయసు అమ్మాయి, కంప్యూటరు ముందు కూర్చుంటే ప్రపంచం గుర్తుండదు. ఇక ఝరాసంగం. ఈ కథంతా ఆయనదే.

మా పని ఏమిటో ఒక్క ముక్క చెప్తాను, లేకపోతే ముందుకు నడవదు. ఊరిలో కంది ఎంత పండిందో తెలియాలంటే ఊరంతా కోసి తూచలేం కదా. రాండం నంబర్ల పట్టిక ప్రకారం ఒక సర్వే నంబరు తీస్తాం. ఆ చేనులో నైరుతి మూలన నిలబడి, పట్టిక చెప్పినన్ని అడుగులు పొడుగునా, చెప్పినన్ని అడుగులు అడ్డంగా నడుస్తాం. ఆగిన చోట మేకులు కొట్టి తాడు కట్టి, ఆ తాడు లోపలి పంట మాత్రం కోసి తూస్తాం. దీన్నే పంట కోత ప్రయోగం అంటారు. ఆగిన చోట పంట విరగకాసిందా, ఎండిపోయిందా అన్నది మనకు అనవసరం. రైతు బతిమాలినా, పెద్దమనిషి గుడ్లురిమినా తాడు జరపకూడదు.

ఈ విషయంలో ఝరాసంగం అంతటి మొండి మనిషి మా డివిజన్‌లో ఇంకొకడు లేడు. ఒకసారి ఒక భూస్వామి పంట తక్కువ చూపి బీమా పొందడానికి తాడు పీకి ఎండిన మడి వైపు జరపబోతే, ఈయన వెళ్లి తాడు మధ్యలో కూర్చున్నాడట. ఆ పెద్దమనిషి తిట్టి తిట్టి అలిసిపోయి ఇంటికి వెళ్లేదాకా లేవలేదు. ఆ మాట విన్నప్పుడు నాకు గర్వంగా అనిపించింది. ఇప్పటికీ గర్వమే.

అలాంటి మనిషి పదో తరగతి స్నేహితులతో కలిసి గోవా వెళ్లాడు. సముద్రం చూశారు, చేపలు తిన్నారు, పడవ మీది కాసినోకి వెళ్లారు. అక్కడ వరసగా మిషన్లు. వాటన్నిటి మీదా ఒకటే పెద్ద మీటరు. ఎవరు ఏ మిషనులో పైసలు వేసి మీట నొక్కినా అందులో చిటికెడు ఆ మీటరులో చేరుతుంది, అంకె పెరుగుతూనే ఉంటుంది. ఎవరో ఒకరికి జాక్‌పాట్ పడితే ఆ మొత్తం వాళ్లది. మీటరు మళ్లీ కిందికి దిగి మొదలవుతుంది. మనవాడు కాసేపు ఆడి, కాళ్లు పీకుతున్నాయని లేచాడు. ఆ కుర్చీలో ఇంకొకడు కూర్చున్నాడు. కూర్చున్న కాసేపటికే గంటలు మోగాయి.

"నేను లేసిన కుర్సీలనే కూసున్నడు మేడం. జరంత సేపు ఆగితే నాకే పడుతుండె" అన్నాడు వచ్చాక. ఆ మాట ఆయన ఆఫీసులో అందరికీ చెప్పాడు, అటెండరుకు రెండుసార్లు చెప్పాడు. నేను నచ్చజెప్పాను. ఆ మిషను లోపల క్షణక్షణానికి కొత్త నంబరు తిరుగుతుంటుంది, నువ్వు కూర్చునే ఉన్నా సరిగ్గా అదే క్షణంలో మీట నొక్కేవాడివి కాదు, అది నీ కుర్చీదీ కాదు, వాడి కుర్చీదీ కాదు అని. విని తలూపాడు. తలూపడానికీ ఒప్పుకోవడానికీ చాలా దూరం ఉంటుంది, అది నా సర్వీసంతా చూశాను.

ఆ పడవ మీద వంటపనిలో బీదర్ తరఫు మనిషి ఒకడు పరిచయమయ్యాడట. వాడు మీటరు ఫోటో తీసి రోజూ ఫోన్లో పంపేవాడు. జాక్‌పాట్ ఎప్పుడు పడింది, మీటరు ఎంతకు చేరాక పడింది అన్నవి పాతవి కూడా ఎక్కడెక్కడో అడిగి రాబట్టాడు. కొన్నాళ్లకు ఝరాసంగం దగ్గర మంచి లెక్క తయారైంది. దాన్ని సోమవారం మీటింగులో, వర్షపాతం చదవడం అయ్యాక, తెరమీద వేశాడు.

మనుషులు ఏ పని చేస్తే ఆ పని కళ్లతోనే లోకాన్ని చూస్తారు. మేం వర్షపాతం వాళ్లం. ఇన్నేళ్ల సగటు తీసి దానికి సాధారణం అని పేరు పెడతాం. ఈ నెల సాధారణం కన్నా తక్కువ, ఆ నెల ఎక్కువ అని పైకి పంపుతాం. జాక్‌పాట్ లెక్క తెరమీద పడగానే రాయికోడ్ చేతులు ఊరుకోలేదు, చకచకా సగటు తీసింది. "ఇప్పుడు మీటరు సాధారణం కన్న బాగ పైకే ఉంది మేడం" అంది. కోహీర్ బల్ల గుద్దాడు. "ఇంకేంది, మబ్బు పట్టినట్టే. గొడుగు పట్టుకొని నిలబడు బిడ్డా." అందరూ నవ్వారు. ఝరాసంగం నవ్వలేదు.

"మేడం, గిది జర ఇంటికి తీస్కపోయి చూడున్రి. ఎప్పుడు పడతదో మీరు చెప్తరు" అన్నాడు. అడిగిన తీరు చూస్తే నాకు నవ్వు పోయింది.

ఆదివారం కూర్చుని చూశాను. పిల్లలూ, ఇక్కడ కాస్త శ్రద్ధగా వినండి, ఉద్యోగంలో పనికొస్తుంది. జాక్‌పాట్ పడిన మొత్తాలు సగటు చుట్టూ లేవు. ఒకసారి మీటరు మొదలైన వెంటనే పడింది. ఒకసారి ఒకదాని వెనుక ఒకటి వారంలోపే పడ్డాయి. ఒకసారి వానాకాలమంతా పడనే లేదు. సగటు తీయవచ్చు, తీస్తే ఒక అంకె వస్తుంది, కానీ ఆ అంకె దగ్గర పడినది ఒక్కటీ లేదు. మీటరు ఎంత పెరిగినా రేపు పడే అవకాశం ఇవాళ ఉన్నంతే ఉంటుంది. పడితే వచ్చేది మాత్రం పెద్దది, అంతే తేడా. ఆ లెక్కలో నిజంగా తెలిసేది ఒకటుంది. మీటరు ఎంత వేగంగా పెరుగుతోందో చూస్తే ఆ పడవ మీద జనం ఎంత పోగొట్టుకుంటున్నారో తెలుస్తుంది. శని, ఆదివారాల్లో ఆ అంకె పరుగులు పెట్టేది.

ఇదంతా చెప్తే ఝరాసంగం ఓపిగ్గా విన్నాడు. "పోగొట్టుకునుడు నాకు తెలుసు మేడం. నేనడిగింది ఎప్పుడు పడతదని" అన్నాడు.

"అది ఇందులో లేదయ్యా."

"ఉంటది మేడం. లెక్క ఉన్న తాన జవాబు ఉంటది. మీరే గద నేర్పిన్రు."

అలమారలోంచి పాత రాండం నంబర్ల పుస్తకం తీయించాను. ఇప్పుడవి ఫోన్లోనే వస్తాయి గానీ, ఆ పుస్తకం మా అందరి చేతుల్లో నలిగింది. ఒక పేజీ తెరిచి, రెండు సున్నాలు పక్కపక్కన పడితే జాక్‌పాట్ అనుకుందాం, ఎక్కడెక్కడ పడ్డాయో చూడు అన్నాను. ఒకచోట గుంపుగా ఉన్నాయి, తర్వాత చాలా దూరం లేవు, ఆలస్యమైందని ఎక్కడా తొందరపడి రాలేదు. అంతా చూసి పుస్తకం మూసి నా చేతిలో పెట్టాడు. "ఇది అచ్చయిన పుస్తకం మేడం. అది నడిచే మిషను. నింపుకుంట పోతున్నది. నిండినంక ఎక్కడికి పోతది?" అన్నాడు. నేను గణాంకశాస్త్రంలో పట్టా ఉన్నదాన్ని. ఆ ప్రశ్నకు వెంటనే జవాబు తట్టక చాయ్ తెప్పించాను.

అప్పటికీ ఇది ఆయన పిచ్చి అనే అనుకున్నాం. జీతంలో కొంత గోవా బస్సు పాలవుతుందని కోహీర్ వెక్కిరించేవాడు. ఆ చలికాలం కంది పంటకు నంబర్లు తీసిన రోజు సంగతి మారిపోయింది.

ఝరాసంగం సొంత మండలంలోనే పని చేసేవాడు. ఆయన ఊరికి నంబరు తీస్తే వచ్చిన సర్వే నంబరు ఆయన చేనే. తండ్రి పోయాక పట్టా ఆయన పేరు, ఆయన అక్క పేరు, ఇద్దరి పేర్ల మీదా ఎక్కింది. అక్క, భర్త చనిపోయి పిల్లలు లేకుండా పుట్టింటికి తిరిగొచ్చిన మనిషి. ఆ చేను చేసేది ఆమే. జొన్న, కంది, పెసర, ఏది వేసినా ఆమె రెక్కలే. చేనుగట్టున రేకుల షెడ్డు వేసుకుని సగం రోజులు అక్కడే ఉండేది. ఆమెకున్న ఆధారం అది ఒక్కటే.

తెరమీద ఆ నంబరు చూసి ఝరాసంగం లేచి నిలబడ్డాడు. ముఖం వెలిగిపోయింది. "ఇన్నేండ్ల సర్వీసుల మొదటిసారి మేడం. నా నంబరు పడింది. నా టైము మొదలైంది." కోహీర్ కూడా ఈసారి వెక్కిరించలేదు, భుజం మీద చరిచాడు. నంబరు ఎవరిదో ఒకరిది పడాలి కదా, పడని ఏళ్లన్నీ ఎందుకు లెక్కపెట్టవు అని నేనన్నాను. అది ఎవరికీ వినిపించలేదు. మేం రోజూ తీసే నంబరును కూడా మావాడు దేవుడి మాట చేసుకున్నాడు. గణాంకాల వాళ్లు మాత్రమే చేయగలిగే తప్పు అది. బయటివాడికి సర్వే నంబరు పడితే చిరాకు పడతాడు.

ఆ వారమే రాయికోడ్ నా గదిలోకి వచ్చి తలుపు దగ్గరికి వేసింది. "మేడం, ఆయన చేను అమ్ముతున్నడు. తహసీల్ ఆఫీసుల రిజిస్ట్రేషన్‌కు స్లాటు బుక్ చేసిండు. పైసలు తీస్కొని గోవాల కూసుంటడట, పడేదాక లేవడట" అంది. ఆ అమ్మాయి కళ్లలో నీళ్లు. సాధారణం లెక్క కట్టింది తనేనని బాధ. ఆయన్ని పిలిచి గట్టిగా తిట్టాను. అక్క సంగతేమిటని అడిగాను. "అక్కనే సంతకం పెడతనన్నది మేడం. పడినంక దానికి ఇల్లు కట్టిస్త. ఇంకెన్ని దినాలు ఎండల వంగుతది?" అన్నాడు. అబద్ధం చెప్పడం లేదు. అదే నన్ను భయపెట్టింది. దురాశతో అయితే ఎవరైనా తిట్టి ఆపుతారు, ఆయన ప్రేమతో చేస్తున్నాడు.

స్లాటుకు ముందురోజే ఆ చేనులో పంట కోత ప్రయోగం. పర్యవేక్షణ పేరు చెప్పి నేనూ జీపెక్కాను. పొద్దున్నే మంచు, ఎర్రమట్టి దారి, రెండువైపులా కోతకొచ్చిన కంది. అక్క మా కోసం గట్టు మీద నిలబడి ఉంది. సన్నటి మనిషి, చేతులు మాత్రం బలంగా ఉన్నాయి. నన్ను చూసి కొంగు సర్దుకుని దండం పెట్టింది.

ఝరాసంగం నైరుతి మూల నుంచి అడుగులు వేశాడు. పొడుగునా నడిచాడు, అడ్డంగా నడిచాడు, ఆగాడు. ఆగిన చోట కంది ఎండు తెగులుకు వాడిపోయి ఉంది. చేనులో ఆ ఒక్క మడే అలా ఉంది. మిగతాదంతా కాయ పట్టి కొమ్మలు వంగి ఉన్నాయి. ఆమె గబగబా వచ్చింది.

"తమ్మీ, ఈడ వద్దురా. గా మూలకు కొయ్యి. గాడ కాయ మంచిగ పట్టింది."

"నంబరు ఈడ పడింది అక్కా."

"పడితె పడనీ. మేడం, మీరన్న చెప్పున్రి. ఇది ఆఖరి పంట. రేపటి నుంచి ఇది మనది కాదు. సర్కారు లెక్కల మా చేను మంచిగ ఉండెనని రాయిన్రి."

 ఆమె తాడు పట్టుకుని లాగింది కూడా. ఆయన ఆమె చేతిలోంచి నెమ్మదిగా తాడు తీసుకున్నాడు.

"గట్ల కాదు అక్కా. మంచి మూల ఏరుకొని కోస్తె ఊరంత గట్లనే పండిందని పోతది. ఎండిన మడి యాడ పోయింది? దాన్ని ఎవ్వరు చూడరు. అది దొంగ లెక్క అయితది."

ఆమె గట్టెక్కి కూర్చుంది. నేను ఆయన పక్కకు వెళ్లాను. అప్పుడు నేనన్న మాట ఇంటి నుంచి అనుకుని వచ్చింది కాదు, ఆయన నోట దొంగ లెక్క అని విన్నాకే నాకూ తట్టింది.

"గోవా లెక్కలో ఏ మూల కోశావయ్యా?" అన్నాను.

మేకు కొడుతున్నవాడు ఆగాడు. నావైపు చూశాడు.

"పడినవాళ్ల తేదీలన్నీ ఉన్నాయి. మీట నొక్కి నొక్కి ఖాళీ చేతులతో పడవ దిగినవాళ్లు ఏ వరసలో ఉన్నారు? కాయ పట్టిన మూల ఒక్కటే కోసుకొచ్చి చేనంతా ఇంతే అంటున్నావు. ఇంకెవరైనా తెస్తే ఆ లెక్క నువ్వు తీసుకునేవాడివా?"

 కూర్చుని తాడు ముడి వేశాడు. ఎండిన మొక్కల్ని ఒక్కొక్కటిగా కోసి, కొట్టి, తూచి, వచ్చిన కొద్ది బరువూ ఉన్నది ఉన్నట్టు నమోదు చేశాడు. అక్క జొన్నరొట్టె, వెల్లుల్లి కారం పెట్టింది. తింటున్నంతసేపూ ఆమే మాట్లాడింది. "మిషిను నిండిందట గద మేడం. ఇగ పడుడే ఉన్నదట. నాకేం ఎరుక? సర్కారు లెక్కలు రాసెటోడు తప్పు చెప్తడా?" అంది. ఆయన తల ఎత్తలేదు. జీపెక్కి తూకం కాగితాలు సర్దుకున్నాడు. మనసు మారిందో, నా మీద కోపం వచ్చిందో తెలియలేదు.

మర్నాడు తహసీల్ ఆఫీసుకు వెళ్లాను. వర్షమాపకం ఆ ఆవరణలోనే ఉంటుంది, దాన్ని చూడాలని ఒక వంక. చలికాలంలో వర్షమాపకం చూడటానికి వచ్చిన అధికారిని చూసి అక్కడి అటెండరు ఏమనుకున్నాడో. వరండాలో బెంచీ మీద కొనేవాడు, పట్నం మనిషి, ఫోను చూసుకుంటూ కూర్చున్నాడు. అక్క కొత్త చీర కట్టుకుని వచ్చింది. ఝరాసంగం గోడకు ఆనుకుని నిలబడ్డాడు. రాత్రంతా నిద్ర లేదని ముఖమే చెప్తోంది. నన్ను చూసి నమస్కారం పెట్టాడు, దగ్గరికి రాలేదు.

ఆపరేటరు పిలిచాడు. ముగ్గురూ లోపలికి వెళ్లారు. నేను గుమ్మం దగ్గర ఆగాను. నాకు అక్కడ ఏ అధికారమూ లేదు. ఎవరి పొలం వాళ్లు అమ్ముకోవచ్చు. చెప్పాల్సింది చెప్పాను, ఇక చేయగలిగింది లేదు. ఉద్యోగంలో అంత చేతకానిదాన్నని ఎప్పుడూ అనిపించలేదు నాకు.

"వేలు పెట్టున్రి" అన్నాడు ఆపరేటరు. అక్క కొంగుతో బొటనవేలు తుడుచుకుంది. "నాది ముందు పెట్టనా తమ్మీ?" అంటూ చెయ్యి చాచింది.

ఝరాసంగం ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగు అక్కా."

"ఏమైందిరా?"

"వద్దు. అమ్ముడు వద్దు."

కొనేవాడు లేచి నిలబడ్డాడు. ఇదేం తమాషా, బయానా తీసుకున్నప్పుడు ఏమైంది అని గట్టిగా అరిచాడు. బయానా రేపే తెచ్చిస్తానని ఝరాసంగం అతనికి చెప్పి మళ్లీ అక్క వైపు తిరిగాడు. ఆమెకు ఏమీ అర్థం కాలేదు.

"మిషిను నిండిందంటివి గదరా. ఇగ పడుడే అంటివి."

"నిండుడు ఉండదు అక్కా. నేనే అనుకున్న. అది ఎప్పుడు పడతదో..." అని ఆగిపోయాడు. ఆఫీసులో అందరూ చూస్తున్నారు, ఆపరేటరు, కొనేవాడు, పక్క బల్ల దగ్గరి గుమాస్తా, గుమ్మంలో నేను. ఇన్నేళ్లుగా ఆ మండలంలో ఏ లెక్క అడిగినా చెప్పిన మనిషి ఆయన.

"నాకు తెల్వదు అక్కా. ఇగ పడతదని నీకు చెప్పిన గద, తెల్వకనే చెప్పిన."

 ఆమె తిడుతుందనుకున్నాను. చెయ్యి విడిపించుకుని, పక్కనున్న కుర్చీలో మెల్లగా కూర్చుంది.

"పొద్దుగాల చేనుకు మొక్కి వచ్చిన తమ్మీ" అంది. "ఇగ రానని చెప్పి వచ్చిన. ఏడ్చి మరీ చెప్పి వచ్చిన."

తమ్ముడు ఆమె ముందు నేలమీదే కూర్చుండిపోయాడు. ఆమె వంగి ఆయన రెక్క పట్టుకుని లేపింది.

"లెవ్వు. పోయి నువ్వు చెప్పు దానికి. నేను చెప్పలేను."